లెన్స్ సంగతి తర్వాత, ముందు తూర్పు ఎటో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మాంచెస్టర్ వచ్చి రెండేళ్లయింది. చేతిలో కెమెరాతోపాటే వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో ఒక మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. పోయిన అక్టోబరులో యార్క్‌షైర్లోని పాడుబడ్డ క్రైస్తవ మఠాలు ఫౌంటెన్స్ అబ్బే, విట్బీ అబ్బే, ఇంకా హెల్మ్‌స్లీ కోట ఒకే వారాంతంలో చుట్టొచ్చారు. ఇంటికొచ్చి చూసుకుంటే రాయి నల్లగా, ఆకాశం తెల్లకాగితంలా, గోడలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు వచ్చాయి. ఈసారి ఆకురాలు కాలంలో పిల్లలతో కలిసి నాలుగు శనివారాలు వెళ్లాలని ఉంది, ఎక్కువ దృశ్యం పట్టే వైడ్ లెన్స్ ఏది కొనమంటారు అని అడిగారు.

ఏదీ కొనకండి, కనీసం ఈ ఏడాది. నేను లీడ్స్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాను. ఏటా సెప్టెంబరు చివరి నుంచి నవంబరు సగం దాకా, ఇంట్లో ఎంత గొణిగినా, నా శనివారాలు ఈ పడిపోయిన మఠాల దగ్గరే గడుస్తాయి. మొదటి మూడేళ్లు నా ఫోటోలూ మీరు చెప్పినట్టే ఉండేవి. నేనూ వైడ్ లెన్స్ కొన్నాను. గోడలు ఇంకా ఎక్కువ పడిపోయాయి, తెల్లకాగితం ఇంకా పెద్దదైంది. ఏ గోడ ఎటు చూస్తోందో, ఎండ దాని మీద ఎన్నింటికి పడుతుందో ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరడం మొదలుపెట్టాక గానీ తేడా రాలేదు.

అన్నట్టు, మా ఇంట్లో ఈ అబ్బేలను మఠాలనే అంటాం. ‘ఈ శనివారం ఎక్కడికి’ అని ఫోన్లో అమ్మ అడిగితే ‘అబ్బే’ అన్నాను ఒకసారి. ‘సరేలే, ఇంట్లోనే ఉండి రెస్ట్ తీసుకో’ అంది.

దిక్కు సంగతికి వస్తాను. మన గుళ్లలో చాలావాటికి దేవుడు తూర్పు ముఖంగా ఉంటాడు, ద్వారం తూర్పున ఉంటుంది. పొద్దున్నే వెళ్తే గోపురం మీద ఎండ పడుతూ ఉంటుంది. చిన్నప్పటి నుంచి కళ్లకు ఇదే అలవాటు. ఇక్కడి మధ్యయుగపు చర్చిలు సరిగ్గా తిరగేసి ఉంటాయి. పూజాపీఠం తూర్పు చివర, పెద్ద ద్వారం పడమర. లోపలికొచ్చినవాడు తూర్పుకు తిరిగి నిలబడాలి. అంటే భవనం ముఖం మీద ఎండ పడేది మధ్యాహ్నం తర్వాతే. నాకు ఇది తెలియదు. మొదటిసారి ఫౌంటెన్స్‌కి చీకటితోనే లేచి వెళ్లి, గేటు తీసే వేళకు లైన్లో మొదట నిలబడి, పరుగున వెళ్లి చూస్తే పడమటి ముఖం మొత్తం నీడలో ఉంది. వెనక ఆకాశం మాత్రం భగభగలాడుతోంది. ఒంటిగంట దాకా తీసి, విసుగొచ్చి ఇంటికెళ్లిపోయాను. నేను కారెక్కిన గంటకి ఆ గోడ వెలిగి ఉంటుంది. మీ నల్లటి రాయి, తెల్లటి ఆకాశం కూడా చాలావరకు ఇదే కథ. నీడ పడిన గోడకూ దాని వెనకున్న ఆకాశానికీ నాలుగైదు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు) ఉంటే ఏ లెన్స్ ఏం చేస్తుంది చెప్పండి.

రెండో లెక్క ఎండ ఎత్తుది. అక్టోబరు చివర్లో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 58 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అదే రోజు యార్క్‌షైర్లో 22 డిగ్రీలు. అంటే మన దగ్గర సాయంత్రం నాలుగింటికి ఉండే ఏటవాలు ఎండ ఇక్కడ పన్నెండింటికే ఉంటుంది. ఫోటోగ్రఫీ పాఠాల్లో ‘మధ్యాహ్నం తీయకండి’ అని చెప్పేది ఈ దేశంలో ఈ నెలలకు వర్తించదు. రోజంతా నీరెండే. పైగా ఈ మఠాలు పదింటికి తెరిచి, చలికాలంలో నాలుగు, ఐదు గంటలకు మూసేస్తారు కాబట్టి సూర్యోదయం, సూర్యాస్తమయం అని టెన్షన్ పడినా లోపల ఉండనివ్వరు. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాక నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. లోయలో ఉన్నవాటికైతే ఇంకా ముందే, కొండ వెనక్కి ఎండ వెళ్లిపోతుంది. వాస్తు పుణ్యమా అని నైరుతి, ఈశాన్యం మనకు నోటికొస్తాయి కదా, ఇక్కడ అవి పనికొస్తాయి. ఈ రోజుల్లో సూర్యుడు సరిగ్గా పడమర కాకుండా బాగా నైరుతికి జరిగి అస్తమిస్తాడు. అందువల్ల పడమటి ముఖం మీద ఎండ ఎదురుగా కాక పక్కనుంచి గీసుకుంటూ వస్తుంది. ద్వారం చుట్టూ చెక్కడాలు, ఉలి గీతలు, అరిగిపోయిన రాతి అంచులు అన్నీ నీడతో సహా కనపడతాయి. ఉత్తరపు గోడలకి మాత్రం ఈ కాలంలో ఎండపొడ ఉండదు. అటువైపు నుంచి తీయాలనుకుంటే రూపరేఖ మాత్రమే అనుకుని నలుపులోనే తీయండి.

ఇంటి దగ్గర చేయాల్సిందల్లా ఒకటే. ఫోన్లో మ్యాపు శాటిలైట్ బొమ్మగా పెట్టి చూస్తే పైకప్పు లేని చర్చి ఆకారం శిలువలా స్పష్టంగా కనపడుతుంది. సూర్యుడి దారి చూపించే యాప్ ఏదైనా పక్కన పెట్టుకోండి. పది నిమిషాల పని.

ఒక్కచోట మాత్రం ఈ లెక్క తప్పుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ అదే. రీవో. దాని స్పెల్లింగ్ (Rievaulx) చూస్తే అలా పలుకుతారని అనిపించదు. 1132లో సిస్టర్షన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు రై నది లోయలో కట్టుకున్న మఠం. ఆ లోయ వాలు బాగా ఏటవాలుగా ఉండి తూర్పు పడమరలుగా పెద్ద చర్చి పట్టలేదు. దాంతో చర్చిని దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిప్పి కట్టారు. వాళ్లు ‘తూర్పు’ అని పిలుచుకునే పూజాపీఠం చివర నిజానికి దక్షిణాన ఉంది. అందువల్ల ఫోటో తీసేవాడికి పండగ. మధ్యాహ్నం దాటాక పడమటి వైపు ఆర్చీల్లోంచి ఎండ అడ్డంగా లోపలికొచ్చి, గడ్డి మీద ఆర్చీల నీడలు పొడుగ్గా పరుస్తుంది. మూడు వరసల కిటికీలున్న ఆ గోడ ముందు రెండింటికి నిలబడితే, మూడున్నర దాకా కదలబుద్ధి కాదు. నీడలు నిమిషనిమిషానికీ జరుగుతూ ఎదురు స్తంభాలెక్కుతాయి. నా దగ్గరున్న రీవో ఫోటోల్లో నేను గోడకు తగిలించుకున్నవి నాలుగు. నాలుగూ ఒకే చోట నిలబడి వేర్వేరు ఏళ్లలో తీసినవి.

రీవో పైన కొండ మీద రీవో టెర్రస్ అని వేరే తోట ఉంది. 18వ శతాబ్దంలో ఒక జమీందారు కింద ఉన్న శిథిలాన్ని చూస్తూ షికారు చేయడానికని చెట్ల మధ్య సందులు కొట్టించుకుని చేయించుకున్న పచ్చిక బాట. ఆకులు రంగు మారాక ఆ సందుల్లోంచి కిందకి చూస్తే చర్చి చుట్టూ రాగిరంగు ఫ్రేము కట్టినట్టుంటుంది. మఠానికి తూర్పు వైపు కొండ కాబట్టి అక్కడికి ముందు, అంటే పొద్దున వెళ్లండి. ఎండ మీ వీపు వెనక ఉంటుంది. మధ్యాహ్నం కిందకి దిగండి. పాత కట్టడాలను చూసుకునే సంస్థలు ఇక్కడ రెండు. కింది మఠం ఇంగ్లిష్ హెరిటేజ్‌ది, పైది నేషనల్ ట్రస్ట్‌ది, రెండిటికీ వేర్వేరు టికెట్లు. ఇక్కడే మీ 55 మిల్లీమీటర్లు కాస్త చాలవనిపిస్తుంది. ఎప్పుడైనా కొనాలనుంటే దూరాన్ని దగ్గర చేసే టెలి లెన్స్, పాత 70-300 ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి. ఈ శిథిలాల దగ్గర వైడ్ కన్నా టెలి ఎక్కువ అక్కరకొస్తుందని నా అభిప్రాయం. చాలామంది ఒప్పుకోరు.

ఫౌంటెన్స్‌కి మళ్లీ వెళ్లమనే చెప్తాను. అదీ 1132లోనే, యార్క్‌లోని సెయింట్ మేరీస్ మఠంతో గొడవపడి బయటికొచ్చిన పదముగ్గురు సన్యాసులు మొదలుపెట్టింది. మీ ఫోటోల్లో పడిపోతున్నట్టున్న ఆ టవర్ పేరు హ్యూబీ టవర్. 160 అడుగుల పైన ఎత్తు. దాన్ని పాదాల దగ్గర నిలబడి తల పైకెత్తి తీస్తే గీతలు పైన కలిసిపోవడం తప్పదు. దూరం వెళ్లండి. కెమెరాని నేలకు సమంగా, లెవెల్ గీత చూసుకుని పట్టుకోండి. కింద గడ్డి ఎక్కువొస్తుంది, రానివ్వండి, తర్వాత కోసేయొచ్చు. తప్పక పైకి వంచాల్సి వస్తే చుట్టూ జాగా వదిలి తీసి, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరు లైట్‌రూమ్‌లో నిలువు గీతలు సరిచేసుకోండి. పూర్తిగా సరిచేస్తే టవర్ తలబరువుగా కనపడుతుంది. ముప్పాతిక వంతు సరిచేసి వదిలేయడం నా పద్ధతి. టవర్ ముందు ఒక మనిషి నడుస్తూ ఉంటే ఎత్తు తెలుస్తుంది. ఆ మనిషి ఎర్ర జాకెట్టు వేసుకుంటే మీ అదృష్టం.

మబ్బు రోజుల సంగతి. ఇంగ్లండులో మీకు నాలుగు శనివారాలుంటే రెండు మబ్బుగానే ఉంటాయనుకోండి. అప్పుడు ఆకాశాన్ని ఫోటోలోకి రానివ్వకండి. ఫౌంటెన్స్‌లో సెల్లారియం అని ఉంది. సుమారు 300 అడుగుల పొడుగు, నడుమ ఒకే వరస స్తంభాలు, వాటిలోంచి తాటిమట్టల్లా విచ్చుకున్న కమాన్లు. సన్యాసుల సరుకుల కొట్టు, వాళ్ల పనివారి భోజనశాల అక్కడే ఉండేవి. మఠంలో పైకప్పు మిగిలిన అరుదైన చోటు. మబ్బు రోజున రెండు వైపుల నుంచీ మెత్తటి వెలుతురు నేల మీదికి జారుతుంది, ఎక్కడా కళ్లు చెదిరే తెలుపు ఉండదు. నేల తడిగా ఉంటే ఇంకా మంచిది, కమాన్లు దాంట్లో లీలగా కనపడతాయి. లెన్స్ రంధ్రం ఎఫ్ 8, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 800 పెట్టి, చేతులు స్తంభానికి ఆనించి తీస్తే ట్రైపాడ్ లేకుండానే వస్తుంది. పిల్లలు పరిగెడుతూంటే మాత్రం షట్టర్ స్పీడు 1/250కి తగ్గకండి.

వాన వెలిసిన గంట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండు రాయి ఫోటోలో బూడిదలా వస్తుంది. తడిసిన ఇసుకరాయిలో తేనె రంగు, తుప్పు రంగు, నాచు పచ్చ అన్నీ పైకి తేలతాయి. ఒకే ఒక్క ఫిల్టర్ కొనుక్కోండి, పోలరైజర్. తడి ఆకుల మీద తెల్లటి మెరుపు ఉంటుంది చూడండి, దాన్ని తీసేస్తే ఆకు అసలు రంగు బయటపడుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ పని తర్వాత చేయలేదు. నీలాకాశం ఉన్న రోజున వైడ్‌లో మాత్రం దాన్ని తీసేయండి, ఆకాశం ఒక మూల ముదురు, ఒక మూల లేతగా మరకలా వస్తుంది. రంగుల వెచ్చదనం సర్దే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ బంగారు రంగును ‘తప్పు’ అనుకుని చల్లబరుస్తుంది. క్లౌడీలో పెట్టండి, కెమెరా దిద్దకుండా వదిలే రా (RAW) ఫైల్ తీయండి. ఎక్స్‌పోజర్ ఆకాశంలో ప్రకాశవంతమైన చోటు మాడిపోకుండా ఉండేలా తగ్గించి, రాతి నీడల్ని ఇంట్లో పైకి లేపుకోండి. కారు హీటర్ ముందు కెమెరా పెట్టుకుని తర్వాత చలిలోకి తీయడం, చలిలోంచి వెచ్చటి కెఫేలోకి తెరిచి పట్టుకెళ్లడం, రెండూ నేను చేసిన తప్పులే. రెండోదాన్లో లెన్స్ మీద చెమట పట్టి, టీ తాగిన అరగంటా పోయింది, బయట ఎండా పోయింది.

కోటల దగ్గర దిక్కు సూత్రం పనిచేయదు. కోటకు పూజాపీఠం లేదు, నది వంపు, బండ అంచు చూసి కట్టారు. ఇక్కడ నేను వేరే ప్రశ్న వేసుకుంటాను: ఇది ఎలా పడిపోయింది? మఠాలు, కోటలు ఒకే చావు చావలేదు. మఠాలను ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1536 నుంచి 1540 లోపు మూయించాడు. ముందు పైకప్పు మీది సీసం ఊడబెరికి కరిగించారు. కప్పు పోయాక వానకు మిగతాది కుంగింది, ఊళ్లవాళ్లు రాళ్లు మోసుకెళ్లారు. రీవోలో తవ్వకాలప్పుడు రాజముద్ర వేసిన సీసపు దిమ్మెలు మట్టి కింద దొరికాయి. పట్టుకెళ్లకుండా మిగిలిపోయినవి. యార్క్‌లోని పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్‌లో ‘ఫైవ్ సిస్టర్స్’ కిటికీ బాగుచేయడానికి వాడారు వాటిని. కోటల్లో చాలావాటిని 1640ల ఇంగ్లండు అంతర్యుద్ధంలో మందుగుండుతో పేల్చారు. మీరు చూసిన హెల్మ్‌స్లీ 1644లో మూడు నెలల ముట్టడి తర్వాత లొంగిపోయింది. మళ్లీ ఎవరూ వాడుకోకుండా పాడుచేశారు. దాని తూర్పు బురుజు నిలువునా చీలి, తూర్పు గోడ కందకంలో పడింది. ఆ చీలిక మీద ఎండ పొద్దున పడుతుంది, నిండుగా ఉన్న పడమటి వైపు మీద మధ్యాహ్నం. ఏది చూపిస్తారో మీ ఇష్టం. నాకైతే చీలికే కావాలి. కందకంలోకి కాస్త దిగువగా, రాలిన ఆకులు ముందు పెట్టుకుని, బురుజు అంచు ఆకాశంలోకి కత్తిలా దూసుకొచ్చేలా తీస్తాను.

గడ్డి గురించి చిన్న ఫిర్యాదు. ఈ చోట్లన్నీ ఇప్పుడు క్రికెట్ గ్రౌండులా నున్నగా కత్తిరించి ఉంటాయి. 1854లో రోజర్ ఫెంటన్ అనే ఫోటోగ్రాఫర్ పెద్ద కెమెరా మోసుకొచ్చి రీవోను తీసినప్పుడు గోడల నిండా తీగలు, పొదలు. 20వ శతాబ్దంలో ప్రభుత్వం వీటిని చేతుల్లోకి తీసుకున్నాక, గోడల్ని తీగలు చీలుస్తున్నాయని పీకేసి పచ్చిక పరిచారు. గోడలకు మంచిదే. ఫోటోకు మాత్రం ఆ పచ్చరంగు నిప్పులా ఉంటుంది, ఆకుల బంగారాన్ని తినేస్తుంది. పోస్ట్ ప్రాసెసింగ్‌లో పచ్చ ఒక్కదాన్నే కాస్త తగ్గించండి, లేదా వంగి, రాలిన ఆకులతో దాన్ని కప్పేలా తీయండి. ఇంకో ముచ్చట. 1770లో వేల్స్ సరిహద్దులో టింటర్న్ మఠాన్ని చూసిన విలియం గిల్పిన్ అనే మతగురువు, దాని గోడ చివరలు మరీ పద్ధతిగా ఉన్నాయి, ఎవరైనా సుత్తితో కాస్త పగలగొడితే బొమ్మకు బాగుండునన్నాడు. మనం గడ్డి గురించి గొణగడం అంతకన్నా నయం.

మనుషుల్ని రానివ్వండి. సైకిలు తొక్కే పిల్లాడు, టీ ఫ్లాస్కు విప్పుకుంటున్న ముసలాయన, బెంచీ మీద మీ అమ్మాయి. ఒకసారి మా ఆవిడ దీపావళి మర్నాడు ఆవపువ్వు రంగు చీర కట్టుకుని కర్క్‌స్టాల్‌లో నడిచింది. లీడ్స్ ఫ్యాక్టరీల మసి దశాబ్దాల పాటు పట్టి ఆ మఠం రాయి నల్లబడి ఉంటుంది. ఆ నలుపు మీద ఆ పసుపు! ఇరవై అడుగుల దూరం నుంచి తీసిన ఆ ఒక్క ఫోటోనే మా బంధువులందరూ చూశారు, నా ఆర్చీల్ని ఎవరూ చూడలేదు. మనవాళ్లు ప్రీ-వెడ్డింగ్, సీమంతం ఫోటోలకు వీటి దగ్గరికి బాగా వస్తున్నారు ఈ మధ్య. డబ్బు తీసుకుని తీసే ఫోటోగ్రాఫరును తెచ్చుకుంటే ముందే అనుమతి అడగాలి. డ్రోన్ వద్దు, నేషనల్ ట్రస్ట్, ఇంగ్లిష్ హెరిటేజ్ రెండూ ఒప్పుకోవు. ఫోటో కోసం పిల్లల్ని గోడలెక్కించకండి, తడి రాయి సబ్బులా ఉంటుంది.

ఇక మీ నాలుగు శనివారాలు. ఒక్కరోజు మూడు చోట్లు అనే మన టూరిస్టు బస్సు అలవాటు మానేయండి. అక్టోబరు రెండో వారంలో ఫౌంటెన్స్. ఆకులు ఇంకా పూర్తిగా తిరగవు గానీ పక్కనే స్టడ్లీ రాయల్ జింకల పార్కులో మగ జింకలు పోట్లాడుకునే కాలం. పిల్లలకు బాగా నచ్చుతుంది, కనీసం 50 మీటర్ల దూరం ఉండండి. అక్టోబరు చివర్లో రీవో, బీచ్ చెట్లు అప్పుడే రాగిరంగుకు వస్తాయి. మూడోది కర్క్‌స్టాల్, మీకు రైలు దూరం, లీడ్స్ ఊళ్లోనే. నాలుగోది వీటిలో ఏది మీకు కుదరలేదో దానికే మళ్లీ. బోల్టన్ అబ్బే కూడా అందంగా ఉంటుంది, వార్ఫ్ నదిలో అడుగు రాళ్లు, వెనక విరిగిన చర్చి. కానీ చిన్నపిల్లలతో వెళ్తే నది పైకి ‘స్ట్రిడ్’ అనే ఇరుకు పాయ దగ్గరికి ఫోటో కోసం పోవద్దు. చూడ్డానికి దూకేయగలిగినట్టు ఉంటుంది, మనుషుల్ని మింగింది. విట్బీని ఈసారికి వదిలేయండి. సముద్రం ఒడ్డున కొండ కొమ్ము మీద గాలి తప్ప ఆకు లేదు అక్కడ, ఆకురాలు కాలం కోసం అంత దూరం అనవసరం. జనవరిలో, ఎండ ఉన్న చలి రోజున వెళ్లండి.

రీవో వెళ్లే రోజు గమ్‌బూట్లు, పిల్లలకి రెండో జత సాక్సులు, పులిహోర పెట్టుకోండి. రెండింటి నుంచి మూడున్నర దాకా ఒకే చోట కూర్చోవాలి కదా.